వేడి మీద కారు ఎందుకు లేవదు?

పాత కారు నడిపిన వారందరికీ తెలిసిన ఒక చిత్రమైన జబ్బు ఉంది. తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, సెల్ఫు ఒక్కసారి తిప్పగానే బండి స్టార్టవుతుంది. ముప్ఫై నలభై కిలోమీటర్లు ఏ పేచీ లేకుండా నడుస్తుంది. ఒక పదిహేను నిమిషాలు టీ కోసం ఆపితే మాత్రం మళ్ళీ స్టార్టు కాదు. సెల్ఫు గిరగిరా తిరుగుతుంది, ఇంజను మాత్రం పలకదు. బానెట్ ఎత్తి గంటసేపు చెట్టు నీడన నిలబెడితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఒక్క తిప్పుకే లేస్తుంది. మా మార్కాపురం, గిద్దలూరు వైపు డ్రైవర్లు దీన్ని ఒక్క ముక్కలో చెబుతారు: "వేడి మీద లెయ్యట్లేదన్నా!"

ఈ జబ్బులోని అసలు తమాషా ఏమంటే, డాక్టరు వచ్చేసరికి రోగం ఉండదు. మెకానిక్కును పిలుచుకొచ్చేలోగా ఇంజను చల్లబడుతుంది. ఆయన తిప్పి చూస్తే బండి నిక్షేపంగా స్టార్టవుతుంది. ఇక ఆయన చేయగలిగింది ఊహించడమే. ఒకరు కాయిల్ మార్చమంటారు, ఇంకొకరు పంపు మార్చమంటారు, మరొకరు కార్బొరేటరు విప్పి పెట్టమంటారు. డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది. ఊహలతో పని లేకుండా, వరుసగా పరీక్షించి కారణం పట్టుకోవడం ఎట్లాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో వాడే సూత్రాలన్నీ మన ఇంటర్మీడియట్ భౌతిక, రసాయన శాస్త్రాలలో చదువుకున్నవే.

ఈ రోజుల్లో పాత కార్ల గొడవ ఎందుకంటారా?

అడగదగిన ప్రశ్నే. హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీని 2014లో ఆపేశారు. బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే కనుమరుగయింది. ఇప్పటి కార్లలో కార్బొరేటరూ లేదు, పాయింట్లూ లేవు. అయినా మా ప్రాంతంలో ఇప్పటికీ కొన్ని పాత బళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. తాత నడిపిన కారని కొందరు ఉంచుకున్నారు, ముచ్చటపడి కొందరు కొనుక్కున్నారు, అమ్ముకోలేక కొందరు నడుపుతున్నారు.

పశ్చిమ ప్రకాశం భూగోళం తెలిసినవారికి ఈ విషయం చిన్నదిగా కనిపించదు. 1970లో జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. ఆ తర్వాత ఒంగోలు మా జిల్లా కేంద్రమయింది. ఎటు పోవాలన్నా దూరాభారమే. ఒకవైపు నల్లమల అడవి, మరోవైపు ఎండకు మాడే మెట్ట. 2005లో 108 అంబులెన్సులు రాకముందు, పురిటి నొప్పులు పడే ఆడమనిషినైనా, పాము కరిచిన రైతునైనా పెద్దాసుపత్రికి చేర్చింది చాలాసార్లు అద్దె అంబాసిడరే. దోవలో ఏ పెట్రోలు బంకులోనో ఆపిన బండి తిరిగి లేవకపోతే అది కేవలం యంత్రం సమస్య కాదు. అనుభవమున్న డ్రైవర్లు రోగి బండిలో ఉంటే ఇంజను అసలు ఆపేవారు కాదు, దాని వెనక ఉన్న భయం ఇదే. ఈనాటికీ దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే అడవి దారిలో రాత్రివేళ అటవీశాఖ గేట్లు మూస్తారు. సాయంత్రం పూట తుమ్మలబయలు దగ్గర బండి మొరాయిస్తే, గంటసేపు చల్లారనిద్దామనుకునే వెసులుబాటు ఉండదు.

ఆపాక వేడి ఎందుకు పెరుగుతుంది?

మొదట మనకు పట్టుబడవలసిన సంగతి ఇది: ఇంజను ఆపగానే బానెట్ కింద వేడి తగ్గదు, కాసేపు పెరుగుతుంది.

పెట్రోలు మండగా వచ్చే శక్తిలో దాదాపు మూడోవంతు పొగగొట్టం గుండా, ఇంచుమించు అంతే రేడియేటర్ గుండా బయటికి పోతుంది. చక్రాలను తిప్పేది మిగిలిన కొద్ది భాగమే. బండి నడుస్తున్నంతసేపూ ఈ వృథా వేడిని తీసుకుపోయేవి మూడున్నాయి. ఒకటి, పంపు తిప్పే నీళ్ళు. రెండు, ఫ్యాను లాగే గాలి. మూడు, ట్యాంకు నుంచి ఆగకుండా వచ్చే చల్లని పెట్రోలు. కార్బొరేటరులో పెట్రోలు ఆవిరైనప్పుడు గుప్తోష్ణాన్ని తీసుకుంటుంది కాబట్టి నడుస్తున్న కార్బొరేటరు చేతికి చల్లగానే తగులుతుంది.

తాళంచెవి తిప్పి ఇంజను ఆపామనుకోండి. ఈ మూడూ ఒక్కసారే ఆగిపోతాయి. ఇనుప దిమ్మలోనూ, పొగ వెళ్ళే మానిఫోల్డులోనూ దాగిన వేడి మాత్రం ఎక్కడికీ పోదు. అది లోహం వెంట వహనం వల్ల, గాలిలో సంవహనం వల్ల, వికిరణం వల్ల చుట్టూ ఉన్న చల్లని భాగాలలోకి పాకుతుంది. మా ఊరి పలకల గనుల దగ్గరికి వేసవి సాయంత్రం వెళ్ళి చూడండి. పొద్దుగూకి గంటయినా పలకరాతి మీద కూర్చోలేం. పగలంతా తాగిన వేడిని రాయి అప్పుడు కక్కుతుంటుంది. ఆపిన ఇంజను కూడా అంతే.

అంబాసిడర్‌లో దీనికి తోడు ఒక నిర్మాణ లక్షణం ఉంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ మూడు అనే కారు దీనికి మాతృక. చాలాకాలం ఇందులో ఉన్న 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు లోపలికి వెళ్ళే మానిఫోల్డూ, పొగ బయటికి వచ్చే మానిఫోల్డూ రెండూ ఒకే పక్కన ఉంటాయి. అంటే పెట్రోలు గిన్నెను పొయ్యి మీద పెట్టినట్టు కార్బొరేటరు వేడి మానిఫోల్డుకు ఆనుకునే కూర్చుంటుంది. చలిదేశంలో పెట్రోలు త్వరగా ఆవిరి కావడానికి ఆ ఏర్పాటు మంచిదే. మార్కాపురం వేసవిలో, నీడలోనే 42, 43 డిగ్రీలున్నప్పుడు, ఆ మేలే కీడవుతుంది. బండి ఆపిన తర్వాత పదో నిమిషం నుంచి ఇరవయ్యో నిమిషం దాకా కార్బొరేటరుకు గండకాలం.

మూడు గేట్లు

ఏ పెట్రోలు ఇంజనైనా స్టార్టు కావాలంటే మూడు సమకూరాలి: తగిన వేగంతో తిరగాలి, సమయానికి నిప్పురవ్వ పడాలి, సరైన పాళ్ళలో పెట్రోలు గాలీ అందాలి. వేడి మీద మొరాయించే బండి ఈ మూడింటిలో ఏదో ఒక గేటు దగ్గర ఆగిపోయిందన్నమాట. కాబట్టి పరీక్ష కూడా ఇదే వరసలో జరగాలి.

పరీక్షకు ముందు రెండు నియమాలు చెబుతాను. జబ్బు ఉన్నప్పుడే పరీక్షించాలి. జ్వరం తగ్గాక థర్మామీటరు పెట్టి లాభం లేదు. మెకానిక్కు దగ్గరికి బండిని వేడిగానే తీసుకువెళ్ళి, ఆయన ముందే ఆపి, పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు తిప్పి చూపించండి. ఇక రెండోది, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు భాగాలు ఒకేసారి మారిస్తే బండి బాగుపడినా కారణం తెలియదు. తెలియని కారణం మళ్ళీ వస్తుంది.

మొదటి గేటు: సెల్ఫు

సెల్ఫు మామూలు వేగంతోనే తిరుగుతుంటే ఈ గేటు దాటినట్టే. నీరసంగా, ఈడుస్తూ తిరుగుతుంటే మాత్రం ఇక్కడే ఆగాలి. రాగి తీగ నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుందని మనం చదువుకున్నాం. 20 డిగ్రీల దగ్గర ఉన్న తీగ 100 డిగ్రీలకు చేరితే నిరోధం దాదాపు 31 శాతం పెరుగుతుంది. బాగున్న సెల్ఫుకు ఇది పెద్ద లెక్క కాదు. అప్పటికే బ్యాటరీ టెర్మినల్ తుప్పుపట్టి, ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ చిలుమెక్కి ఉంటే, ఈ 31 శాతమే ఒంటె వీపు మీద గడ్డిపోచ అవుతుంది.

దీన్ని కనిపెట్టడానికి చవకరకం వోల్టుమీటరు చాలు. సెల్ఫు తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి పదికి అటూ ఇటూ ఉండాలి. తొమ్మిదిన్నర కన్నా కిందికి దిగితే బ్యాటరీనే అనుమానించాలి. తర్వాత మీటరు ఒక తీగను బ్యాటరీ ఎర్తు టెర్మినల్‌కూ, రెండోదాన్ని ఇంజను దిమ్మకూ ఆనించి సెల్ఫు తిప్పించండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్తు పట్టీ పాడయినట్టే. గరుకు కాగితంతో చిలుము గీకి బిగిస్తే సరిపోయే పనికి కొత్త సెల్ఫు కొన్నవాళ్ళున్నారు.

సెల్ఫు వేడి మీద తిరగబోయి ఎదురు తన్నినట్టు ఆగిపోతుంటే టైమింగ్ ముందుకు జరిగి ఉండవచ్చు. పిస్టన్ పైకి చేరకముందే మంట పుట్టి దాన్ని వెనక్కి నెడుతుంది.

రెండో గేటు: నిప్పురవ్వ

పెట్రోలు గొట్టం మీద చెయ్యి వేయకముందే నిప్పురవ్వను పరీక్షించాలి. పెట్రోలు ఆవిరి చుట్టూ పరుచుకున్నాక నిప్పురవ్వతో ఆటలాడడం ప్రాణాంతకం కాబట్టి ఈ వరస తప్పకూడదు.

పాత కార్లలో ఉండే ఈ జ్వలన పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించాడు. 1912 కాడిలాక్ కారులో వచ్చిన విద్యుత్ సెల్ఫు కూడా ఆయన చలవే. పన్నెండు వోల్టుల కరెంటు కాయిల్ లోపలి మందపు తీగచుట్టలో పారుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ కరెంటు ఠక్కున ఆగి, పక్కనున్న సన్నతీగ చుట్టలో వేల వోల్టులు పుడతాయి. పాయింట్ల పక్కన ఉండే చిన్న డబ్బా కండెన్సరు. పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడ మెరుపు లేవకుండా చేసి, కరెంటును తటాలున ఆగనివ్వడం దాని పని. దాని సామర్థ్యం సుమారు 0.2 మైక్రోఫారడ్.

కాయిల్, కండెన్సరు రెండూ వేడికి లొంగేవే. కాయిల్‌లో తీగల మీది పూత సన్నగా చిట్లి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు దూరం దూరంగా ఉన్న పగులు వేడికి తీగ వ్యాకోచించగానే కలుస్తుంది, వోల్టేజి లోలోపలే దారి చూసుకుంటుంది. చల్లారగానే మళ్ళీ అంతా మామూలే. ఇంజను మీదనే బిగించిన కాయిల్‌కు ఈ బాధ మరీ ఎక్కువ.

పరీక్ష ఇదీ: బండి మొరాయించినప్పుడు డిస్ట్రిబ్యూటర్ నడిమి తీగను ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని, దాని కొసను ఇంజను లోహానికి పావు అంగుళం దూరంలో ఉంచి సెల్ఫు తిప్పించండి. లావుగా, నీలంగా, టప్ టప్ మని చప్పుడు చేస్తూ పడితే నిప్పు బాగున్నట్టే. సన్నగా, పసుపుగా, పడీపడనట్టు ఉంటే లోపం ఇక్కడే ఉంది. అప్పుడు కాయిల్ మీద తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలాగి మళ్ళీ చూడండి. రవ్వ బలపడితే దొంగ కాయిల్. కాయిల్ చల్లబరచినా మార్పు లేకపోతే పాయింట్లు విప్పి చూడండి. ముఖాలు నల్లగా కాలి, ఒకవైపు గుంట, మరోవైపు బొడిపె లేచి ఉంటే కండెన్సరును అనుమానించాలి. పాయింట్ల మధ్య సందు ఈ ఇంజనుకు 0.015 అంగుళాల ప్రాంతంలో ఉండాలి.

డ్యాష్‌బోర్డులో ఒక కొత్త కండెన్సరు, పాయింట్ల సెట్టు ఉంచుకోవడం అన్నిటికన్నా చవకైన బీమా.

మూడో గేటు: పెట్రోలు

సెల్ఫు బాగా తిరిగి, రవ్వ నీలంగా పడితే, ఇక మిగిలింది పెట్రోలే. ఇక్కడే చాలామంది తడబడతారు. వేడి వల్ల పెట్రోలు పరంగా వచ్చే జబ్బులు రెండు, అవి ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం. ఒకటి అతివృష్టి, రెండోది అనావృష్టి. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి విషం.

నీళ్ళలాగా పెట్రోలు ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరగదు. అది రకరకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. తేలికవి 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడితే, బరువైనవి 200 డిగ్రీల దాకా నిలుస్తాయి. ఒక ద్రవం ఆవిరి పీడనం దాని మీది పీడనంతో సమానమైనప్పుడు అది మరుగుతుందని మనకు తెలుసు. అందువల్ల పీడనం తక్కువగా ఉన్నచోట పెట్రోలు ఇంకా ముందే బుడగలు కడుతుంది. ట్యాంకుకూ పంపుకూ మధ్య గొట్టంలో పంపు పీలుస్తూ ఉంటుంది కనుక పీడనం వాతావరణ పీడనం కన్నా తక్కువ. ఆ గొట్టం పొగ మానిఫోల్డు పక్కగా పోతుంటే చెప్పేదేముంది!

మొదటి జబ్బు అతివృష్టి. ఆపిన బండిలో కార్బొరేటరు గిన్నెలోని పెట్రోలు మరిగి, జెట్ గుండా పొంగి, మానిఫోల్డులోకి కారుతుంది. సిలిండర్లలో గాలి కన్నా పెట్రోలు ఆవిరి మితిమీరుతుంది, రవ్వ పడ్డా అంటుకోదు. గుర్తు: గుప్పుమనే పెట్రోలు వాసన. ప్లగ్గు విప్పితే తడిగా ఉంటుంది. దీనికి మందు ఏమంటే, యాక్సిలరేటర్‌ను మెల్లగా చివరిదాకా తొక్కి, అట్లాగే పట్టుకుని, సెల్ఫును ఐదారు సెకన్లు తిప్పడం. పూర్తిగా తెరుచుకున్న దారిలో గాలి దండిగా వచ్చి అదనపు పెట్రోలును ఊడ్చేస్తుంది. బండి నల్లపొగ కక్కి లేస్తుంది. చోక్ లాగకూడదు. యాక్సిలరేటర్‌ను పదేపదే తొక్కనూకూడదు. ఆ రెండూ చేసేది మునిగినవాడి మీద మరో కడవ నీళ్ళు పోయడమే.

రెండో జబ్బు అనావృష్టి. ఇంజను దిమ్మకు బిగించిన పెట్రోలు పంపు, మా మెకానిక్కుల భాషలో ఏ.సి. పంపు, వేడెక్కి అందులోనూ గొట్టంలోనూ పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు కానీ ఆవిరిని నెట్టలేదు. లోపలి పొర కిందికీ మీదికీ ఆడుతూనే ఉంటుంది, ఆవిరి నొక్కుకుని మళ్ళీ విప్పారుతుంటుంది, కార్బొరేటరుకు చుక్క అందదు. గుర్తు: పెట్రోలు వాసన ఉండదు, ప్లగ్గు పొడిగా ఉంటుంది. ఈమధ్య అందరూ బిగించుకుంటున్న పారదర్శకపు ప్లాస్టిక్ ఫిల్టరు ఉంటే ఇంకా సులువు. అందులో పెట్రోలు లేక బుడగలు ఆడుతుంటే జబ్బు చేతికి చిక్కినట్టే.

దీనికి మన డ్రైవర్ల పాత మందు పంపు మీద తడిగుడ్డ. దాన్ని చూసి నవ్వేవారున్నారు కానీ అందులో చక్కటి శాస్త్రముంది. నీటి గుప్తోష్ణం గ్రాముకు 540 కెలోరీలు. గుడ్డలోని ప్రతి గ్రాము నీరు ఆవిరవుతూ అంత వేడినీ పంపు నుంచి లాగేస్తుంది. ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పంపుకు పట్టు దొరుకుతుంది. ఇందులో ఇంకో సుగుణం ఏమంటే ఈ మందే పరీక్ష కూడా. పంపు మీద తడిగుడ్డ వేశాక బండి లేచిందంటే కారణం పంపు దగ్గరే ఉంది, కాయిల్ దగ్గర లేదు.

ఒక ఉదాహరణ

ఈ వరస ఎంత పనికొస్తుందో చెప్పడానికి నేను స్వయంగా చూసిన ఒక బండి కథ చెబుతాను. అది 1983 నాటి అంబాసిడర్. యజమాని మా పక్క వీధిలో ఉండే పెద్దాయన, నాకు వరసకు బాబాయి. వేడి మీద లేవడం లేదని ఆయన అప్పటికే ఒక వర్క్‌షాపులో కొత్త కాయిల్, మరోచోట కొత్త పంపు వేయించారు. "ఇంక మార్చడానికి ఇంజనొక్కటే మిగిలిందిరా, అమ్మేద్దామా?" అన్నారు.

"అమ్మేది తర్వాత చూద్దాం బాబాయ్, ముందు దోర్నాల దాకా పోయొద్దాం పద" అన్నాను.

మిట్టమధ్యాహ్నం దోర్నాలలో ఆపి, బానెట్ ఎత్తకుండానే పదిహేను నిమిషాలు కూర్చున్నాం. తిప్పితే యథాప్రకారం లేవలేదు. సెల్ఫు చురుగ్గానే తిరిగింది కాబట్టి మొదటి గేటు దాటాం. నడిమి తీగ రవ్వ నీలంగా, లావుగా పడింది కాబట్టి రెండో గేటూ దాటాం. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన ముక్కు పుటాలు అదరగొట్టింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టమన్నాను. నాలుగు సెకన్లలో నల్లపొగతో లేచింది. కాయిలూ పంపూ నిర్దోషులని అక్కడే తేలిపోయింది. జబ్బు అతివృష్టి.

అయితే గిన్నె అంతగా ఎందుకు మరుగుతోంది? మరునాడు కార్బొరేటరు దించి చూశాం. కార్బొరేటరుకూ మానిఫోల్డుకూ మధ్య వేడిని ఆపే మందపాటి ఫైబర్ ప్యాకింగ్ ఉండాలి. అక్కడ పలచటి కాగితం ప్యాకింగ్ ఉంది. ఎప్పుడో సర్వీసింగులో విరిగిన పాతది పారేసి, చేతికి దొరికింది వేశారన్నమాట. మానిఫోల్డు వేడి తిన్నగా గిన్నెకు ఎక్కుతోంది. సరైన ప్యాకింగ్ వేశాక ఆ వేసవంతా బండి మళ్ళీ పేచీ పెట్టలేదు. కాయిల్‌కూ పంపుకూ అయిన ఖర్చులో ఆ ప్యాకింగ్ ధర ఏ మూలకు!

చెప్పవచ్చేదేమంటే, రోగం పేరు తెలిశాక కూడా కారణం వెదకాలి. అతివృష్టికి ఫైబర్ ప్యాకింగ్ ఒక్కటే కారణం కాదు. గిన్నెలో ఫ్లోట్ మట్టం ఎక్కువైనా, సూది వాల్వు అరిగి కారుతున్నా ఇదే జరుగుతుంది. అనావృష్టికి గొట్టం పొగ మానిఫోల్డుకు దగ్గరవడం, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడిపోవడం, పంపు పొర బిరుసెక్కడం కారణాలు కావచ్చు.

నీళ్ళూ, కొత్త పెట్రోలూ

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతులు రెండు చెప్పాలి.

ఒకటి బోరు నీళ్ళు. మా పశ్చిమ ప్రాంతపు నీళ్ళంటే అందరికీ ఫ్లోరిన్ గుర్తొస్తుంది. అది మనుషుల ఎముకలకు శత్రువు. రేడియేటరుకు శత్రువు మాత్రం అదే నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్ళు వేడెక్కగానే కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా మారి గొట్టాల లోపల పేరుకుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టే గార అదే. ఆ గార కట్టిన రేడియేటరు వేడిని వదలలేదు, ఇంజను ఎప్పుడూ పది డిగ్రీలు ఎక్కువ మీదే నడుస్తుంది, ఆపినప్పుడు కార్బొరేటరుకు అంత ఎక్కువ వేడి అందుతుంది. కాబట్టి రేడియేటరులో డిస్టిల్డ్ వాటరు, కూలెంటు పోయండి. గతిలేకపోతే వాన నీళ్ళయినా పోయండి.

రెండోది ఎథనాల్. మన దేశంలో 2022లో పెట్రోలులో సగటున పది శాతం ఎథనాల్ కలపడం, 2025లో ఇరవై శాతం కలపడం సాధించారు. ఎథనాల్ ఒంటరిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది కనుక మేలే జరగాలి కదా అనిపిస్తుంది. నిజానికి కొన్ని తేలిక హైడ్రోకార్బన్లతో కలిసినప్పుడు అది స్థిర క్వథన మిశ్రమాలను ఏర్పరుస్తుంది. అవి రెండింటి కన్నా తక్కువ ఉష్ణోగ్రతలోనే మరుగుతాయి. అందువల్ల ఎథనాల్ కలిపిన పెట్రోలులో 70 డిగ్రీలలోపు ఆవిరయ్యే భాగం పెరుగుతుంది. అంతేకాక పాత బళ్ళలోని రబ్బరు గొట్టాలు, పంపు పొరలు ఎథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చిట్లుతాయి. నిన్నటిదాకా బాగున్న బండి ఈ ఏడు కొత్తగా మొరాయిస్తుంటే, ఎథనాల్‌కు తట్టుకునే రకం గొట్టాలూ పంపు పొరా వేయించడం మొదటి పని.

చేయవలసినవి, చేయకూడనివి

ఘాటెక్కి వచ్చిన బండిని వెంటనే ఆపకండి. రెండు నిమిషాలు నిదానంగా ఆడనిచ్చి ఆపితే నీళ్ళూ గాలీ కొంత వేడిని తీసుకుపోతాయి. ఆపాక బానెట్ ఎత్తి, గాలికి ఎదురుగా, నీడలో నిలబెట్టండి. పెట్రోలు గొట్టాన్ని పొగ మానిఫోల్డుకు దూరంగా మళ్ళించండి. మధ్యలో ఒక రేకు అడ్డుపెడితే వికిరణం వేడి ఆగుతుంది. వాల్వుల సందు కొలత ప్రకారం ఉంచండి. సందు మరీ బిగిస్తే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది.

వేడి ఇంజను దిమ్మ మీద చన్నీళ్ళు గుమ్మరించవద్దు. ఒక్కసారిగా సంకోచించి పోతపోసిన ఇనుము పగలవచ్చు. మరుగుతున్న రేడియేటరు మూత విప్పవద్దు. మూత కింద పీడనంలో ఉన్న నీళ్ళు వంద డిగ్రీలు దాటి కూడా ద్రవంగానే ఉంటాయి, మూత తీయగానే ఒక్కసారి ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. పెట్రోలు గొట్టం ఊడదీసేటప్పుడు దగ్గర్లో బీడీ, సిగరెట్టు ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఒక చిన్న నోటుపుస్తకం బండిలో పెట్టుకోండి. మొరాయించిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయండి: ఆపి ఎన్ని నిమిషాలయింది, సెల్ఫు ఎట్లా తిరిగింది, రవ్వ రంగేమిటి, పెట్రోలు వాసన ఉందా లేదా, చివరికి ఏం చేస్తే లేచింది. నాలుగుసార్లు రాసేసరికి కారణం దానంతటదే బయటపడుతుంది.

విద్యార్థి మిత్రులకు, ముఖ్యంగా ఇంజనీరింగు వైపు వెళ్ళదలచినవారికి, ఒక్క మనవి. పాయింట్ల సందును కొలసాధనం లేకుండా కంటితో చూసి చెప్పగలిగిన, ఇంజను చప్పుడు విని ఏ వాల్వు బిగిసిందో పట్టగలిగిన మెకానిక్కులు మార్కాపురం, కంభం, గిద్దలూరు షెడ్లలో ఇంకా కొందరున్నారు. చాలామందికి వయసు మీద పడింది. వాళ్ళ పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. వాళ్ళకు తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు. మనకు తెలిసిన గుప్తోష్ణం, ఆవిరి పీడనం వాళ్ళకు ఆ పేర్లతో తెలియవు, తడిగుడ్డగా తెలుసు. ఈ సెలవుల్లో ఒక షెడ్డుకు వెళ్ళి, ఆ పెద్దాయన పక్కన ఒక వారం కూర్చుని, ఆయన ఏ చప్పుడుకు ఏం చేస్తాడో, ఎందుకు చేస్తాడో అడిగి రాసుకు రండి. వచ్చే ఏటి సంచికకు అంతకన్నా మంచి వ్యాసం దొరకదు.